మూడు గొడుగుల దీపం

"బాబాయిగారూ, పాప మెడ ఎడమవైపుకే తిప్పుతోందండీ. కుడివైపుకి రానే రావడం లేదు. మెదడులో ఏమైనా తేడా ఉందంటారా?"

లేత్ మిషన్ చప్పుడులో మాటలు సగమే వినపడ్డాయి కానీ ఆ గొంతులో వణుకు మాత్రం పూర్తిగా వినపడింది. ముసలాయన మిషన్ ఆపి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని చూశాడు. షెడ్డు గుమ్మంలో కింది వాటా అమ్మాయి నిలబడి ఉంది. భుజాన మూడు నెలల పిల్ల, చేతిలో నోటుపుస్తకం.

"డాక్టరుకి చూపించావా?"

"చూపించానండీ. ఈ వయసులో అంతే, ఏమీ లేదన్నారు. కానీ నేను రాసిపెట్టాను. నిన్న ముప్ఫై సార్లు చూస్తే ఇరవై ఏడు సార్లు ఎడమకే ఉంది. ఊరికే జరిగేదైతే సగం సగం రావాలి కదా?"

"ముప్ఫై సార్లా! దాని నిద్ర అది పోయింది, మరి నీ నిద్ర ఎవరు పోయారమ్మా?"

ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. ఫిజిక్స్ చదువుకుని, పిల్ల పుట్టేదాకా కాలేజీ ల్యాబులో విద్యార్థుల చేత ప్రయోగాలు చేయించిన మనిషి. దేన్నయినా కొలిస్తే దాని గురించిన భయం తగ్గుతుందని ఆమె నమ్మకం. పిల్ల పుట్టాక అది తిరగబడింది. కొలిచినకొద్దీ భయం పెరుగుతోంది.

"వెలుతురు వల్లేమోనని ఒక అనుమానం," అంది మెల్లిగా. "మీరొక్కసారి వచ్చి చూస్తారా?"

ఆయనకి చురుక్కుమంది. ఆ గదిలో వేలాడుతున్న దీపం ఆయన చేసిందే. పిల్ల ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున నిచ్చెనెక్కి తన చేత్తో తగిలించి వచ్చాడు.

"నా దీపం మీదా నీ అనుమానం? దాని దగ్గర కూర్చుని బల్బు చూసినవాడు ఇంకా పుట్టలేదు తల్లీ," అన్నాడు.

గొప్పలకి అన్న మాట కాదది. వీధిలో ఆయన్ని అందరూ గొడుగులాయన అంటారు. దీపం మీద కప్పే రేకు డిప్పని షెడ్డులో గొడుగు అనేవారు. ఆ పేరు చివరికి మనిషికి అంటుకుంది. ఇరవై రెండో ఏట ఆ షెడ్డులో పనికి చేరాడు. అప్పటి యజమాని స్కాండినేవియా దేశాల్లో ఏడేళ్ళు ఒక దీపాల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాడు. చలికాలంలో మధ్యాహ్నం మూడింటికే పొద్దుగూకిపోయే చోట మనుషులు దీపాలతో ఎలా కాపురం చేస్తారో కథలు కథలుగా చెప్పేవాడు. గది నడినెత్తిన ఒకే పెద్ద దీపం పెట్టి చేతులు దులుపుకోరట వాళ్ళు. బల్ల మీద ఒకటి, కుర్చీ పక్కన ఒకటి, కిటికీ దగ్గర ఒకటి, అన్నీ చిన్నవే, బాగా కిందికి దించి పెడతారట. వెలుతురు రావాలి కానీ బల్బు కంటపడకూడదు. అందుకోసం ఒకదాని మీద ఒకటిగా మూడు గొడుగులు. బల్బు వెలుగు కింది గొడుగు వీపు మీద పడి, పై గొడుగు కడుపుకి తగిలి, మెత్తబడి బయటికి వస్తుంది. మనుషుల ముఖాలు పాలిపోయినట్టు కనపడకుండా లోపలి తెల్లరంగులో చిటికెడు ఎరుపు కలుపుతారు.

గొడుగులాయన ఆ పనిలో పడి మరి పైకి తేలలేదు. గుండ్రటి రేకుని మిషన్ మీద గిర్రున తిప్పుతూ, పొడుగాటి కడ్డీని చంకకి ఆనించి నొక్కుతూ, చెక్క అచ్చు మీదికి ఒంచాలి. కాస్త ఎక్కువ నొక్కితే రేకు చిరుగుతుంది, కాస్త తగ్గితే ముడత పడుతుంది. ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో ఆపడానికి లేదు. దీపం పూర్తయ్యాక ఒక ఆచారం. భోజనాల బల్లంత ఎత్తున్న పాత బల్ల మీద దాన్ని వేలాడదీసి, చేసినవాడు నాలుగు వైపులా కుర్చీ వేసుకుని నాలుగు సార్లు కూర్చోవాలి. ఎటునుంచీ బల్బు కనపడకపోతేనే ఆ దీపం గడప దాటుతుంది. యజమాని పోయాడు. పనివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గొడుగులాయన ఒక్కడే మిగిలాడు. అయినా ఆ నాలుగు కూర్చోవడాలు మానలేదు.

యజమాని తెచ్చిన బొమ్మల పుస్తకంలో నిజానికి ఇంకో ముక్క కూడా ఉంది. అట్టడుగున, బల్బుకి సరిగ్గా కింద, చుక్కల గీతతో గీసిన చిన్న పాలగాజు మూత. దాన్ని మొదట్లోనే వదిలేశారు. "బల్లెక్కి పడుకుని భోంచేసేవాడెవడయ్యా?" అన్నాడు యజమాని. ఆ హాస్యం గొడుగులాయనకి తెగ నచ్చింది. కొనడానికి వచ్చినవాళ్ళెవరైనా వంగి కిందినుంచి చూసి, "ఇక్కణ్ణించి బల్బు కనపడుతోందే!" అంటే, "బల్లెక్కి పడుకునేవాళ్ళకి వేరే దుకాణం ఉందండీ" అనేవాడు. నలభై ఏళ్ళపాటు అందరూ నవ్వారు. ఆయన భార్య కూడా నవ్వేది, మొదటి పదిసార్లు.

ఆ భార్య ఇప్పుడు మేడ మీద మంచంలో ఉంది. రెండేళ్ళయింది. ఒక ఉదయం ఆమె మెట్ల మీద నిలబడి పిలిచింది. "ఒకసారి రండీ, చెయ్యి తిమ్మిరిగా ఉంది." ఆయన అప్పుడే రేకుని మిషన్‌కి ఎక్కించాడు. "ఐదు నిమిషాలు!" అని కేకేశాడు. గొడుగు అంచు మడిచి, మిషన్ ఆపేసరికి ఇరవై నిమిషాలైంది. వెళ్ళి చూస్తే ఆమె నేల మీద ఉంది. కుడి పక్క చచ్చుబడింది, ఎడమ చేతిలోనూ సత్తువ పోయింది, మాట పడిపోయింది.

పడకగదిలోకి చక్రాల కుర్చీ పట్టలేదు. అందుకని హాల్లో భోజనాల బల్ల తీసేసి, గోడకి ఆనించి మంచం వేశారు. బల్ల పోయింది కానీ బల్ల మీది దీపం ఉండిపోయింది. అది పెళ్ళయిన ఏడాది ఆమె కోసం చేసిన దీపం. ఆయన చేసినవాటన్నిటిలోకీ మంచిది. తలకి తగలకుండా తీగని కాస్త పైకి చుట్టాడు, అంతే. హాలుకి కిటికీ లేదు. ఆమెని చీకట్లో ఉంచకూడదని పొద్దున లేస్తూనే ఆ దీపం వేసేవాడు. ఆమె నిద్రపోయేదాకా తీసేవాడు కాదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజున ఆమె గోడవైపు తిరిగింది. ఆ తరవాత ఇటు తిరగలేదు. ఆయన మంచానికి కుడిపక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటే ఆమె జడ కనపడేది. మందు వెయ్యడానికి, మూతి తుడవడానికి మీదికి వంగితే కళ్ళు గట్టిగా మూసుకునేది.

ఇల్లు చూసిపెట్టడానికి రోజూ వచ్చే మరదలు ఒకనాడు ఉండబట్టలేక అనేసింది. "అక్క నీకు మొహం చాటేసింది బావా. నేనైతే చెంబు కూడా విసిరేదాన్ని."

"విసరడానికి చెయ్యి లేవాలి కదే," అన్నాడాయన.

ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇరవై నిమిషాలకి ఇది శిక్ష. ఆయన కోరుకున్నది ఒక్కటే. అన్నీ ముగిసేలోగా ఆమె ఒక్కసారి ఇటు తిరిగి తన ముఖం చూడాలి. తిట్టినట్టు చూసినా సరే. కానీ తిరగమని ఒక్కనాడూ అడగలేదు. మంచం ఇవతలికి లాగి, అవతలివైపు వెళ్ళి కూర్చోవచ్చన్న ఆలోచన రాకపోలేదు. కావాలని తిప్పుకున్న ముఖానికి ఎదురెళ్ళి నిలబడటం ఏం మర్యాద అనుకున్నాడు. సాయంత్రం షెడ్డు మూసి వచ్చి, ఆ జడతోనే ఆనాటి పని గురించి చెప్పేవాడు.

అదీ గొడుగులాయన కథ, పాప తల్లి వెనకాల ఆయన కింది వాటాలోకి అడుగుపెట్టే నాటికి.

పక్క మేడ అడ్డం కాబట్టి ఆ గదిలో పట్టపగలు కూడా దీపం వెలుగుతూనే ఉంది. ఆయన కుర్చీ అడిగి తీసుకుని, ఒక పక్క కూర్చున్నాడు. తల పైకీ కిందికీ కదిపి చూశాడు. కుర్చీ జరుపుకుని రెండో పక్క, మూడో పక్క, నాలుగో పక్క కూర్చున్నాడు. ఎక్కడా బల్బు లేదు. మెత్తటి వెలుతురు మాత్రం గది నిండా పరుచుకుని ఉంది.

"చూశావా?" అన్నాడు.

"మీరు కూర్చున్నారండీ," అందామె. "పాప పడుకుంటుంది కదా."

ఆయన నోరు తెరిచాడు. నలభై ఏళ్ళనాటి హాస్యం నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఆమె పాప తొట్టిని పక్కకి లాగి ఆ చోట దుప్పటి పరిచింది. ఆయన ఒక చెయ్యి గోడకి ఆనించి, మోకాళ్ళు పటపటమంటుండగా కిందికి దిగి, వెల్లకిలా పడుకున్నాడు. కొంచెం కుడివైపుగా, మూడు గొడుగుల కడుపులో, బల్బు దిగంబరంగా కనపడింది. కంట్లో సూది దిగినట్టయింది. ఆయన మెడ తనంతట తానే ఎడమకి తిరిగింది.

"ఏమైందండీ? కళ్ళు తిరిగాయా? లేపనా?" అంటూ ఆమె మీదికి వంగింది.

ఆయన అటు చూశాడు. ముఖం ఉండాల్సిన చోట నల్లటి గుండ్రటి ఆకారం, దాని చుట్టూ మండుతున్న అంచు. కళ్ళు లేవు, పెదాలు లేవు.

"అమ్మాయ్, నువ్విప్పుడు నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"అదేం ప్రశ్నండీ?"

"నీ మొహం కనపడటం లేదు."

"కనపడదండీ. వెలుతురు నా వెనక ఉంది కదా. అంత వెలుతురికి కంటిపాప ముడుచుకుపోతుంది. దాని ముందున్నదేదైనా నల్లగానే ఉంటుంది."

"ఇంకా దగ్గరికి వంగితే?"

"ఇంకా నల్లగా ఉంటుంది. తల పక్కకి తీయగానే మళ్ళీ ఒక్కసారిగా కంట్లో కొడుతుంది. అందుకే పాప నేను వంగగానే కళ్ళు మూసుకుంటుందేమో..." అంటూ ఆమె ఆగిపోయింది. ఆయన మేడ మీద మంచంలో ఎవరున్నారో ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

 గొడుగులాయన లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కాడు.

హాల్లో స్విచ్చి తీసేశాడు. వంటింట్లోంచి మరదలు కేకేసింది. "కరెంటు పోయిందా బావా?"

"నేనే తీశాను. ఇలా రా. అక్క పక్కన పడుకో."

"మతి గాని పోయిందా నీకు?"

"పడుకుని పైకి చూడు," అన్నాడు.

 ఆ గొంతు విని మరదలు అక్క పక్కన ఒద్దికగా ఒరిగింది. ఆయన స్విచ్చి వేశాడు. ఆమె చటుక్కున చెయ్యెత్తి కళ్ళకి అడ్డం పెట్టుకుంది. అడ్డం పెట్టుకోవడానికి ఆమెకి చెయ్యి ఉంది.

లేచి కూర్చుని, చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ అంది. "ఊరందరి కళ్ళకీ గొడుగు పట్టావు బావా. మా అక్కకి తప్ప."

ఆయన దీపాన్ని విప్పి కిందికి దించాడు. చిన్న దీపం ఒకటి తెచ్చి, వెలుగు ఎదుటి గోడ మీద పడేలా నేల మీద పెట్టాడు. మంచం మూరెడు ఇవతలికి లాగి, గోడకీ మంచానికీ మధ్య ఇరుక్కుని పీట మీద కూర్చున్నాడు. ఇప్పుడు వెలుతురు ఆయన ముఖం మీద ఉంది. రెండేళ్ళలో మొదటిసారి ఆమె ముఖం ఆయనకి ఎదురుగా ఉంది. చిక్కిపోయింది. బాగా చిక్కిపోయింది.

చాలాసేపటికి ఆమె కళ్ళు తెరిచింది.

"నేనే," అన్నాడాయన. "ఆలస్యమైంది."

ఆమె చూసింది. రెండు మూడు ఊపిర్లు తీసేంతసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉందా, గుర్తుపట్టడం ఉందా, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసిందా, ఎంత వెతికినా ఆయనకి అంతుపట్టలేదు. తరవాత చూపు ఆయన మీంచి జారి, పైన దీపం ఉండిన చోటికి వెళ్ళింది. అక్కడ ఉత్త తీగ వేలాడుతోంది. ఆమె కళ్ళు మూసుకుంది.

వారానికోసారి వచ్చి కాళ్ళూచేతులూ ఆడించే ఫిజియోథెరపీ అమ్మాయి మెడ పట్టి చూసి పెదవి విరిచింది. కండరాలు అలాగే బిగుసుకుపోయాయి, ఇక తిరగదంది. "ఈ జబ్బులో కొందరు ఒకవైపే చూస్తారు తాతగారూ. జబ్బు వల్లే కావచ్చు, వెలుతురు వల్లా కావచ్చు. ఇప్పుడెలా చెప్పగలం?"

ఆయన కింది వాటాకి దిగి వచ్చి పాప తల్లిని అడిగాడు. "నువ్వు సైన్సు చదివావు. జబ్బా, దీపమా, నేనా? ఈ మూడింట్లో ఏదో తేల్చే దారి ఉందా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. ఓదార్పుగా ఒక అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాలేదు. "రెండేళ్ళ కిందటైతే దీపం తీసేసి చూసేవాళ్ళం బాబాయిగారూ. ఇప్పుడిక లేదు."

భార్య ఆ తరవాత పంతొమ్మిది రోజులు బతికింది. ఆయన షెడ్డు తలుపు తీయలేదు. పొద్దుట్నించీ ఆ గోడ సందులోనే కూర్చున్నాడు. ఆమె ఆయన్ని మొత్తం నాలుగు సార్లు చూసింది. ఆ నాలుగూ ఆయనకి గుర్తున్నాయి. ఒక్కదానికీ అర్థం తెలియలేదు.

అంతా అయిపోయాక ఆయన పాలగాజు తెప్పించి, బొమ్మలో చుక్కల గీతతో ఉన్న ఆ మూతలు పద్నాలుగు కోశాడు. సంచిలో సర్దుకుని, తన దీపాలు కొన్నవాళ్ళ ఇళ్ళకి బయల్దేరాడు. చాలా ఇళ్ళల్లో ఆ దీపాలే లేవు. పైకప్పుకి అట్టపలకలు బిగించి, వాటిలో పలకల్లాంటి లైట్లు పొదిగారు. వాటి కింద నిలబడ్డా, కూర్చున్నా, పడుకున్నా కంట్లో కొడుతూనే ఉన్నాయి. "ఆ గొడుగులా! ఎప్పుడో పాతసామాన్లవాడికి ఇచ్చేశామండీ," అంది ఒకావిడ. దీపం ఇంకా వేలాడుతున్న ఇంట్లో ఆయన మూత సంగతి చెప్పబోతే, ఆ ఇంటాయన నవ్వుతూ అడ్డొచ్చాడు. "మీరే అన్నారుగా, బల్లెక్కి పడుకునేవాళ్ళకి వేరే దుకాణం ఉందని! ఇప్పటికీ మా ఇంట్లో అదే చెప్పుకుని నవ్వుకుంటాం."

పదమూడు మూతలు సంచిలోనే మిగిలిపోయాయి. ఒక్కటే పనికొచ్చింది, పాప గదిలోది. అదైనా ఆయన బిగించి, దీపం మళ్ళీ తగిలించి వదిలెయ్యలేదు. మళ్ళీ నేల మీద పడుకుని చూశాకే లేచాడు.

అప్పటికి పాప తొట్టిలో రెండు వైపులకీ తిరుగుతోంది. ఆయన అక్కడ పడుకుని చూసిన రోజే ఆ గదిలో దీపం దించేశారు, దించిన పది రోజుల నుంచే తిరుగుతోంది. తల్లి ఆ లెక్క కూడా రాసింది కానీ నోటుపుస్తకాన్ని బట్టల అడుగున దాచింది. ఆయన అడిగేదాకా బయటికి తీయలేదు.

"ఎంతొచ్చింది?"

"ముప్ఫైలో పదహారు ఎడమకి. పద్నాలుగు కుడికి."

ఆయన ఆ పేజీ వంక చూశాడు. ఆ పిల్లకి ఏ జబ్బూ లేదని చెప్పే అంకెలు అవి. ఆయనకి చెప్పింది వేరు.

"అయితే దీపమే," అన్నాడు.

"అలా అనకండి బాబాయిగారూ. ఒక్క పాపని చూసి ఏదీ రుజువైనట్టు కాదు. పైగా ఈ వయసులో మెడ రోజురోజుకీ గట్టిపడుతుంది. పిన్నిగారి సంగతి వేరు, ఆవిడకి..."

"నాకోసం లెక్క మార్చకమ్మా."

ఆమె పుస్తకం మూసేసింది. ఆయన గుమ్మం దాకా వెళ్ళి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ ఆగాడు.

ఆ రోజు నుంచి ఆయన షెడ్డు తాళం మళ్ళీ తీయలేదు. లేత్ మిషన్‌ని తరవాత ఎవరో వచ్చి పట్టుకుపోయారు. పాప తల్లికి భయాలు తగ్గలేదు. మెడ పోతే పళ్ళు, పళ్ళు పోతే మాటలు, ఒకటి పోతే ఒకటి వస్తూనే ఉన్నాయి. కానీ ఆ ఇంట్లోకి కొత్త కుర్చీ వచ్చినా, ఫ్యాను వచ్చినా, కిటికీకి తెర కట్టినా, ఆమె ముందు నేల మీద పడుకుని చూస్తుంది. పిల్ల పాకడం మొదలెట్టాక తనూ మోకాళ్ళ మీద గదంతా పాకింది. "మళ్ళీ మొదలెట్టావా?" అంటాడు భర్త, ఆమెని దాటుకుని వెళ్తూ. స్టవ్ మీద పాలున్నా, చేతిలో ఫోనున్నా, పిల్ల ఏడ్చి మొహం తిప్పుకుందంటే ఆమె చేతిలోది అక్కడ పెట్టేసి ముందు కిందికి దిగుతుంది. గుమ్మంలో ఆగిన ఆ రోజున గొడుగులాయన ఆమె వైపు తిరక్కుండానే చెప్పిన మాట అది.

"పిల్ల మొహం తిప్పుకుంటే పైనుంచి వంగి చూడకమ్మా. అది పడుకున్న చోట పడుకుని చూడు. అప్పటికప్పుడే చూడు. ఐదు నిమిషాలు అని మాత్రం అనకు."